'ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్' (1924) బ్లూ-రే: విలన్ కోసమైనా చూడాల్సిందే

'బాగ్దాద్ గజదొంగ' అనగానే మనకు ఎన్టీఆరే గుర్తొస్తారు, అది 1968 మాట. అంతకు 44 ఏళ్ల ముందే డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ హాలీవుడ్‌లో తీసిన మూకీ ఇది. పాత సినిమాల డిస్కులు వేసే కోహెన్ కంపెనీ వాళ్లు రిస్టోర్ చేసి వదిలిన డిస్క్ చూశాను. సెట్లు, ఎగిరే తివాచీ, చొక్కా లేకుండా గోడలు దూకే హీరో అన్నీ బాగున్నాయి గానీ, నా డబ్బులు గిట్టుబాటు చేసింది మాత్రం విలన్ మంగోల్ రాకుమారుడే. ఆ వేషం వేసింది సోజిన్ కమియామ, జపాన్‌లో సెందాయ్ ఆయనది.

హీరోగారు గెంతి, చేతులు చాపి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వి నానా హడావిడి చేస్తుంటే ఈయన అసలు కదలడు. లోపలికి పోయిన బుగ్గలు, సన్నటి మీసం, సగం మూసిన కళ్లు, అంతే సరంజామా. చచ్చినవాణ్ని బతికించే ఆపిల్ చేతికొచ్చాక అది నిజంగా పనిచేస్తుందో లేదో చూద్దామని ఓ జాలరిని చంపిస్తాడు. అప్పుడు ఆ మొహంలో కోపమూ లేదు, కసీ లేదు, సంతలో కొబ్బరికాయ చెవి దగ్గర ఊపి చూసే మనిషికుండేంత ఆసక్తి తప్ప. నాకైతే ఒళ్లు జలదరించింది.

ఇదేమీ గాలివాటంగా వచ్చిన నటన కాదు. టోక్యోలో భార్య ఉరాజీ యమకావాతో కలిసి నాటక సమాజం పెట్టి, 1913లోనే జర్మన్ నాటకం 'ఫౌస్ట్' ఆడించిన మనిషి. 1919లో ఇద్దరూ అమెరికా వెళ్లారు. అక్కడ హాలీవుడ్ ఆయనకిచ్చినవి? 'ద బ్యాట్'లో నౌకరు, ఇంకోచోట కుట్రలు చేసే చైనావాడు, ఇలాంటివే. 1927లో 'ద చైనీస్ ప్యారట్'లో డిటెక్టివ్ చార్లీ చాన్‌గా వేశాడు, ఆ ప్రింటు ఇప్పుడెక్కడా లేదు, అదొక్కటి తలుచుకుంటేనే కడుపు మండిపోతుంది. టాకీలొచ్చాక యాస అడ్డమైంది, తిరిగి జపాన్ వెళ్లిపోయాడు. 1931 నుంచి చార్లీ చాన్ వేషం వార్నర్ ఓలాండ్ అనే స్వీడన్ ఆయనకు దక్కింది, చైనావాడి పాత్రే మళ్లీ! కురసావా తీసిన 'సెవెన్ సమురాయ్'లో బివా (జపాన్ తంత్రీవాద్యం) వాయించే గుడ్డి ముసలాయన గుర్తున్నాడా? అది మన సోజినే. ఆ సినిమా వచ్చిన 1954లోనే పోయాడు.

ఇక డిస్క్ సంగతి. ఈ సినిమా నెట్‌లో ఉచితంగానూ దొరుకుతుంది, కానీ నేను చూసిన కాపీల్లో మొహాలు అలికేసినట్టున్నాయి, కళ్లతోనే పని నడిపే నటుణ్ని అలా చూసి ఏం లాభం? ఇందులో రంగు టింట్లు (సీన్ మొత్తానికి ఒకే రంగు పులమడం) కూడా ఉన్నాయి. రష్యన్ సంగీతకారుడు రిమ్‌స్కీ-కోర్సకోవ్ బాణీల మీద కార్ల్ డేవిస్ కట్టిన సంగీతం బాగుంది, కాకపోతే కొన్నిచోట్ల మోత ఎక్కువ. కొనేముందు రీజియన్ (ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు) చూసుకోండి, బ్లూ-రేలకు మన దేశానిది రీజియన్ సి.

సినిమా రెండున్నర గంటలు, మధ్యలో హీరో సాహసయాత్ర సాగుతూనే ఉంటుంది. ఓపిక లేకపోతే రాకుమారులు పెళ్లికోసం బాగ్దాద్‌లో దిగే ఘట్టం నుంచి పెట్టుకోండి, సోజిన్ అప్పుడే వస్తాడు.