పీజీ: క్యాంపస్‌లోనా, దూరవిద్యలోనా?

డిగ్రీ అయ్యాక చాలామందికి ఇదే టెన్షన్: ఉస్మానియా లాంటి క్యాంపస్‌కు వెళ్లాలా, 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరాలా?

ఖర్చు: క్యాంపస్‌లో ఫీజుతో పాటు హాస్టల్, మెస్ బిల్లు. దూరవిద్యలో ఉద్యోగం చేసుకుంటూనే చదవొచ్చు, జీతం ఆగదు.

శ్రమ: అక్కడ రోజూ క్లాసులుంటాయి. ఇక్కడ మనంతట మనమే కూర్చుని చదవాలి. అసలు రిస్క్ ఇదే, మధ్యలో మానేయడం చాలా తేలిక.

విలువ: యూజీసీ గుర్తింపు ఉంటే దూరవిద్య పట్టా కూడా రెగ్యులర్‌తో సమానమే. కానీ పెద్ద లైబ్రరీ, దారి చూపే సీనియర్లు, మనల్ని ఎదురుగా కూర్చోబెట్టి మన రాతను దిద్దే ప్రొఫెసర్, అర్ధరాత్రి దాకా సాగే హాస్టల్ చర్చలు... నా దృష్టిలో యూనివర్సిటీ చదువంటే ముఖ్యంగా ఇవే. పోస్టులో వచ్చే పుస్తకాలు వీటిని ఇవ్వలేవు.

ఇల్లు మీ జీతం మీదే నడుస్తుంటే దూరవిద్యే సరి. పరిశోధన మీద మనసుండి, ఇంట్లోవాళ్లు రెండేళ్లు ఓపిక పట్టగలిగితే క్యాంపస్‌కే వెళ్లండి.