ఏలూరు రోడ్డులో ఇంగ్లీషు నవలలు కొనేవాళ్లు పేజీలు ముందే చూసుకోండి

ఈ సాయంత్రమే జరిగింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి. రేపటికి కోపం చల్లారితే ఊరుకుంటానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

దుకాణం పేరు రాయను. జూన్‌లో బడి పుస్తకాల కోసం మనమందరం వరుసలో నిలబడే వాటిలో అదొకటి. పోయిన ఆదివారం అక్కడ మా అమ్మాయికి కసాండ్రా క్లేర్ నవల ‘సిటీ ఆఫ్ బోన్స్’ కొన్నాను. తొమ్మిదో తరగతి పిల్ల, ఆరు నెలలుగా అడుగుతోంది. 2007లో వచ్చిన పుస్తకం, ఆరింటిలో మొదటిది. న్యూయార్క్‌లో 15 ఏళ్ల క్లారీకి, పక్కవాళ్లెవరికీ కనిపించని మనుషులు ఒక రాత్రి కనిపిస్తారు. రోజూ తిరిగే వీధుల్లోనే రక్తపిశాచాలు, తోడేలు మనుషులు, మాంత్రికులు దాగి ఉన్నారని అప్పటినుంచి ఒక్కొక్కటిగా తెలుస్తుంది. చదవడం మొదలుపెట్టిన రెండో రోజే మా అమ్మాయి బెజవాడ పటం గీసింది. మొగల్రాజపురం గుహల్లో ఎవరుంటారు, బందరు కాలువ వంతెన కింద ఎవరుంటారు, అన్నీ రాసుకుంది. అది అంత ఇష్టంగా ఒక పుస్తకం పట్టుకుని కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

అట్ట మీద 499, మాకు 300కే ఇచ్చారు. అట్ట బొమ్మ మసకగా ఉంది, వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనిపించేంత పలచని కాగితం. నేను చూశాను. చూసి కూడా రెండు వందలు మిగిలాయని సంతోషపడ్డాను. బిల్లు అడిగితే దుకాణదారు “మూడు వందలకు బిల్లు ఎందుకమ్మా” అన్నాడు, సరేనన్నాను. అది నా తప్పే.

నిన్న రాత్రి కథ మంచి పట్టులో ఉంది. క్లారీ స్నేహితుడు సైమన్ ఒక విందులో ఏదో తాగి ఎలుకగా మారిపోయాడు, రక్తపిశాచాలు తమ హోటల్‌కు పట్టుకుపోయాయి, అతన్ని విడిపించడానికి క్లారీ వాళ్లు వెళ్లారు. 256వ పేజీ తిప్పితే మళ్లీ 225 వచ్చింది. మళ్లీ 256 దాకా అదే కథ, తర్వాత నేరుగా 289. అంటే కలిపి కుట్టే 32 పేజీల కట్ట (ఫారం) ఒకటి రెండుసార్లు పెట్టి, తర్వాతి ఫారం మరిచిపోయారు. అసలు ప్రతుల్లోనూ ఇలాంటి పొరపాటు ఎప్పుడైనా జరగవచ్చు. అలాంటప్పుడు మార్చి ఇస్తారు. మార్చి ఇస్తారనే ఇద్దరం వెళ్లాం.

దుకాణదారు పుస్తకం తీసుకుని తెరిచి కూడా చూడలేదు. నాతో మాట్లాడలేదు. నేరుగా పిల్ల వైపు చూసి, “నువ్వే చింపేసి వచ్చావు కదా పాపా?” అన్నాడు. అంతమంది కొనేవాళ్ల ముందు.

ఇక్కడ నేను దాచకుండా చెప్పాలి. ఆ మాటకు నేను కూడా ఒక్క క్షణం దాని ముఖంలోకి చూశాను. నిజమేనా అన్నట్టు. అది గమనించింది. కళ్లలో నీళ్లు తిరిగినా గొంతు తడబడకుండా, “అంకుల్, 225 నుంచి 256 వరకు రెండుసార్లు ఉంది. నేను చింపితే పేజీలు తగ్గుతాయి కానీ ఎలా పెరుగుతాయి?” అని తెరిచి చూపించింది. అతను పుస్తకం మూసి బల్ల మీద పడేశాడు. “ఇంగ్లీషు చదువులు వచ్చాక పెద్దవాళ్లకు ఎదురు చెప్పడమూ వచ్చింది. దయ్యాల కథే కదా, నాలుగు పేజీలు లేకపోతే ఏమవుతుంది? బిల్లు ఉంటే చూపించండి, లేకపోతే దారి వదలండి” అన్నాడు.

బిల్లు లేదు. దాన్నీ, పుస్తకాన్నీ తీసుకుని బయటికి వచ్చేశాను. బస్సులో అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది, ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. ఆ మూడు వందలు పోతే పోయాయి. దొంగ ముద్ర పుస్తకాన్ని అమ్మి, అది బయటపడగానే నిజం చెప్పిన పిల్ల మీద నింద వేసిన మనిషిని నేను క్షమించలేను. నేను చూసిన ఆ చూపును అది ఎప్పటికి మరిచిపోతుందో.

కొనేవాళ్లు దుకాణంలోనే పేజీ అంకెలు ఒకసారి తిప్పి చూడండి, కాగితం వెలుతురుకు పట్టి చూడండి, ఎంత తక్కువకైనా బిల్లు లేకుండా డబ్బు ఇవ్వకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఇలాంటి వ్యాపారానికి 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు శిక్ష ఉంది. నేను రేపు ఉదయమే ఫోను చేస్తున్నాను. అక్కడ మీకూ ఇలాగే జరిగి ఉంటే కింద రాయండి, ఫిర్యాదులో కలుపుతాను.

ఇంకొక్క మాట. పటమట, బెంజి సర్కిల్ వైపు ఎవరి దగ్గరైనా ఈ నవల అసలు ప్రతి ఉంటే రెండు రోజులు ఇవ్వగలరా? మేమే వచ్చి తీసుకుంటాం, జాగ్రత్తగా తిరిగి ఇస్తాం. సైమన్ ఆ హోటల్ నుంచి ఎలా బయటపడ్డాడో దానికి ఇంకా తెలియదు.