టికెట్ దగ్గర ఇరుక్కుంటే ఏది మేలు: వెంటనే అడగడమా, ఒంటరిగా కుస్తీ పట్టడమా?

కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. (టికెట్ అంటే మనకి రాసి అప్పగించిన ఒక్కో పని.) "అన్నా, టికెట్ దగ్గర ఆగిపోయాను. సీనియర్‌ని అడిగితే వీడికేమీ రాదనుకుంటారేమో. అడక్కపోతే పని తెమలదు. ఏం చేయమంటావ్?"

నేను రెండూ చేసి చూశాను.

మొదటి ఉద్యోగంలో నాకొచ్చిన బగ్ (ప్రోగ్రామ్‌లో తప్పు) చూడ్డానికి చిన్నదే. రోజువారీ రిపోర్టులో కొన్ని ఆర్డర్లు ముందురోజు తేదీ కింద పడుతున్నాయి. అన్నీ కాదు, కొన్నే. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. పొద్దున టీమంతా పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే స్టాండప్‌లో "దాదాపు అయిపోయింది" అనేవాణ్ణి. డేటాబేస్‌ని వివరాలు అడిగే క్వెరీ మార్చాను, అందులో పట్టికల్ని కలిపే జాయిన్ మార్చాను, తాత్కాలికంగా దాచిపెట్టిన పాత డేటా, అంటే క్యాష్, ఖాళీ చేశాను. మూడో రోజు రాత్రి, తప్పుగా పడ్డ ఆర్డర్లన్నీ టైముతో సహా ఒక కాగితం మీద రాసుకున్నాను. అప్పుడు కనబడింది. అన్నీ రాత్రి 12కీ తెల్లవారుజామున 5:30కీ మధ్య వచ్చినవే. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచమంతా ప్రమాణంగా వాడే టైములో ఉంది. మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందు. మనకి అర్ధరాత్రి అయ్యేసరికి దానికింకా నిన్న సాయంత్రం 6:30.

ఆ పాఠం ఈ రోజుకీ మర్చిపోలేదు. ఎక్కడ తేదీ తేడా వచ్చినా ముందు టైమ్‌జోన్ వైపే చూస్తాను. ఒంటరిగా కుస్తీ పడితే దక్కేది ఇదే, నేర్చుకున్నది నిలబడుతుంది. కానీ ఆ మూడు రోజుల్లో నేను నేర్చుకున్నది చివరి గంటలోనే. మిగతాదంతా చీకట్లో రాళ్లు విసరడమే. పైగా ఈ పనికి నేను పనికిరానేమో అన్న దిగులు అప్పుడే మొదలై, చాలా నెలలు వదల్లేదు.

రెండో ఉద్యోగంలో దానికి పూర్తిగా వ్యతిరేకంగా చేశాను. పక్క సీట్లో ఉన్న అక్క చాలా మంచిది. స్క్రీన్ మీద తప్పు చూపించే ఎర్ర అక్షరాలు కనబడగానే కుర్చీ ఆవిడ వైపు తిప్పేవాణ్ణి. రెండు నిమిషాల్లో సరిచేసేది. టికెట్లు చకచకా మూసుకుపోయేవి, మేనేజర్‌కీ సంతోషమే. సంక్రాంతికి ఆవిడ వారం రోజులు ఊరెళ్లింది. ఆ వారంలో తెలిసొచ్చింది, నాకు ఒక లాగ్‌ని (ప్రోగ్రామ్ ఏమేం చేసిందో వరసగా రాసుకునే ఫైలు) పైనుంచి కిందికి చదవడం కూడా రాదని. ఆవిడ వేళ్లు ఏ కీలు నొక్కాయో చూశాను గానీ, కళ్లు ముందు ఎక్కడికి వెళ్లాయో ఏనాడూ చూడలేదు.

పండగ నుంచి వచ్చాక మళ్లీ కుర్చీ తిప్పితే, ఈసారి కీబోర్డు అందుకోలేదు. "ఏమేం చూశావ్? ఏది కాదని తేలింది?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మూడో దారి కూడా ఉంది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి చాలామంది ముందు అటే వెళ్తున్నారు. అది విసుక్కోదు, బిడియస్తులకు పెద్ద ఊరట. కానీ క్వెరీ ఇచ్చి సరిచేయమంటే ఆ క్వెరీనే సరిచేస్తుంది. మీ సర్వర్ గడియారం ఏ టైమ్‌జోన్‌లో ఉందో మీరు చెప్పకపోతే దానికి తెలియదు. ఆఫీసు కోడ్ అందులో పెట్టే ముందు మీ కంపెనీ నిబంధనలు కూడా చూసుకోండి.

మొదటి ఆరు నెలల్లో ఒకటే ఎంచుకోవాలంటే, అడగమనే చెప్తాను. కొత్తవాళ్లను ఆపేవి చాలావరకు తెలివికి సంబంధించినవి కావు. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీపీఎన్‌కి పర్మిషన్ రాలేదు, సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను లేదు, ఎక్కడా రాసిపెట్టని పాస్‌వర్డ్ ఒకటి కావాలి. వీటితో రోజంతా కొట్టుకున్నా నేర్చుకునేది సున్నా. పావుగంట చూసి అడిగేయండి.

మీరు రాసిన కోడ్‌లో లాజిక్ తప్పితే మాత్రం కనీసం ఒక గంట దాంతోనే కూర్చోండి. ఊరికే చూస్తూ కాదు, పద్ధతిగా. ఉదాహరణకి పోయిన వారం దాకా పనిచేసింది ఇప్పుడు ఆగిపోయిందనుకోండి, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో బైసెక్ట్ అనే కమాండ్ వాడండి. బాగున్న కమిట్ (గిట్‌లో దాచిన ఒక్కో మార్పు), చెడిన కమిట్ రెండూ చూపిస్తే మధ్యదాన్ని తీసి పరీక్షించమంటుంది. ప్రతిసారీ సగం తెగిపోతాయి. వెయ్యి కమిట్లున్నా పది పరీక్షల్లో దొరుకుతుంది. సీనియర్ పక్కన లేకుండా ఇలా ఒక్కసారి పట్టుకుంటే వచ్చే ధైర్యం ఎవరో మెచ్చుకుంటే రాదు.

గంట దాటినా దొరకలేదా? నాలుగు లైన్లు రాయండి. ఏం జరగాలి, ఏం జరుగుతోంది, ఏమేం మార్చి చూశాను, ఏది కాదని తేలింది. ఆ నాలుగో లైను రాస్తుండగానే నాకు ఎన్నోసార్లు జవాబు తట్టింది. తట్టకపోతే ఆ నాలుగు లైన్లే టీమ్ ఛానల్లో పెట్టండి, విడిగా ఒక్కరికే కాదు. అది చూసినవాళ్లు మీకేమీ రాదనుకోరు, ఎక్కడిదాకా వచ్చారో చూస్తారు.

మర్నాడు స్టాండప్‌లోనూ "దాదాపు అయిపోయింది" అనొద్దు. "క్వెరీ కాదని తేలింది, సర్వర్ టైము ఇంకా చూడాలి" అనండి.