తెలుగు పుస్తకాల పనికి హోమ్‌బ్రూ: చాలాకాలం వాడాక నా మాట

పాత తెలుగు పుస్తకాల స్కాన్ల నుంచి పాఠం తీసి, దిద్ది ప్రచురణకర్తలకు ఇవ్వడం నా వృత్తి. ఉండేది బెంగళూరు మారతహళ్లిలో, పనంతా మ్యాక్ మీద. బొమ్మలోంచి అక్షరాలు గుర్తుపట్టే టెసరాక్ట్, పీడీఎఫ్‌ను పేజీలుగా విడగొట్టే పాప్లర్, మరకలు తుడిచే ఇమేజ్‌మ్యాజిక్, ఈ మూడూ లేకపోతే నాకు పూట గడవదు. మూడూ ఓపెన్ సోర్సే. వీటిని మ్యాక్‌లోకి తెచ్చిపెట్టేది హోమ్‌బ్రూ. కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను.

దీన్ని 2009లో మ్యాక్స్ హోవెల్ మొదలుపెట్టాడు. ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్ తెరిచి ‘బ్రూ ఇన్‌స్టాల్ టెసరాక్ట్’ అని కొడితే చాలు, దానికి కావలసిన మిగతా లైబ్రరీలన్నీ (అంటే అది ఆధారపడే సహాయక కోడ్) అదే వెతికి తెచ్చుకుంటుంది. ముందే కంపైల్ చేసి, అంటే నేరుగా నడిచే రూపంలోకి మార్చి ఉంచిన ప్యాకేజీలు కాబట్టి ఎక్కువసేపు పట్టదు. పని అయ్యాక ఒక బీరు మగ్గు బొమ్మ, పక్కనే ఎన్ని ఫైళ్లు, ఎన్ని ఎంబీలు అన్న లెక్క కనిపిస్తాయి. కొత్త మ్యాకుల్లో అంతా ‘ఆప్ట్’ కింద ‘హోమ్‌బ్రూ’ ఫోల్డర్లో ఉంటుంది, ఆపిల్ సొంత ఫైళ్ల జోలికి పోదు. మధ్యలో కరెంటు పోయినా, నెట్ తెగినా, దిగినంత మేరకు ఉంచుకుని మిగతాది తర్వాత లాగుతుంది. మా వీధిలో ఇది చిన్న విషయం కాదు.

నాకు దీని మీద గురి కుదిరింది మాత్రం ఫార్ములాలు చదివాక. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు రూబీ భాషలో రాసిన చిన్న ఫైలు ఉంటుంది. అసలు సోర్స్ ఎక్కడిది, లైసెన్స్ ఏమిటి, వేటి మీద ఆధారపడుతుంది, సరిగ్గా పనిచేస్తోందా అని చూసే పరీక్ష ఏమిటి, అన్నీ అందులోనే. ఫైలుకు వేలిముద్రలాంటి షా-256 సంఖ్య కూడా ఉంటుంది. దిగిన ఫైలు దానికి సరిపోలకపోతే ఇన్‌స్టాల్ అక్కడే ఆగిపోతుంది. ప్రోగ్రామర్‌ని కాని నాకే ఆ ఫైలు అర్థమైంది. ఎవరైనా తెరిచి చూడొచ్చు, తప్పుంటే సవరణ పంపొచ్చు. ఇదంతా నడిపేది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు. వీలైనప్పుడు వాళ్లకు ఎంతో కొంత పంపాలని నా గట్టి అభిప్రాయం.

మొన్న ఎలక్ట్రానిక్ సిటీలో ఉండే ఒంగోలు కుర్రాడు ఇదే పనిలోకి దిగుతూ, “అన్నా, ఏమేం వేసుకోవాలో చెప్తారా?” అని అడిగాడు. నేను వాడేవాటి జాబితా ఉన్న నా బ్రూఫైల్ పంపాను. ‘బ్రూ బండిల్’ అన్న ఒక్క ఆజ్ఞతో నా దగ్గరున్నవన్నీ వాడి మెషీన్‌లో చేరాయి, తెలుగు ఫాంట్లతో సహా. 2024 నుంచి ఫాంట్లు కూడా ప్రధాన క్యాస్క్ జాబితాలోనే (యాప్‌లు, ఫాంట్లు లాంటివి ఉండే జాబితా) ఉన్నాయి కనుక విడిగా ట్యాప్, అంటే అదనపు జాబితా, కలపక్కర్లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఏ పేరూ చెప్పకుండా ‘బ్రూ అప్‌గ్రేడ్’ అని కొడితే పెట్టినవన్నీ కొత్త వెర్షన్లకు మారిపోతాయి. ఒకటి కొత్తదైతే దాని మీద ఆధారపడినవీ మారతాయి. పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లడం తేలిక కాదు. పుస్తకం ప్రెస్సుకు వెళ్లే వారంలో నేను దాన్ని ముట్టుకోను, ముఖ్యమైనవాటిని ‘పిన్’ చేసి, అంటే వెర్షన్ మారకుండా కట్టేసి ఉంచుతాను. ఇదివరకు ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే ముందు ఫార్ములాల జాబితా మొత్తం గిట్ (ఫైళ్ల మార్పులను నమోదు చేసే సాధనం) ద్వారా తాజా చేసుకుంటూ కూర్చునేది. 2023లో హోమ్‌బ్రూ 4.0 వచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది.

పాత మ్యాక్ ఉన్నవాళ్లకు మాత్రం దీన్ని సిఫారసు చేయలేను. మ్యాక్ ఓఎస్ తాజా మూడు వెర్షన్ల వరకే పూర్తి మద్దతు. అంతకంటే పాతవాటికి చాలాసార్లు సోర్స్ కోడ్ నుంచి మన మెషీన్‌లోనే కంపైల్ చేసుకోవాలి, గంటలు పట్టొచ్చు. మన పుస్తకాల రంగంలో పదేళ్లనాటి మెషీన్లతో నెట్టుకొచ్చేవాళ్లు ఎందరో. వాళ్లకు ఇదే పని చేసే, 2002 నుంచి ఉన్న మ్యాక్‌పోర్ట్స్ నయం, పాత మ్యాక్ ఓఎస్ వెర్షన్లను అది ఓపిగ్గా చూసుకుంటుంది.

తెలుగువాళ్లు తెలుసుకోవలసింది ఇంకొకటుంది. టెసరాక్ట్ వేస్తే ఇంగ్లిష్ డేటానే వస్తుంది. తెలుగు కోసం ‘టెసరాక్ట్-ల్యాంగ్’ వేస్తే టెసరాక్ట్‌కు తెలిసిన భాషలన్నీ కలిసి వందల ఎంబీలు దిగుతాయి. పీజీ హాస్టల్ వైఫై మీద అది నరకం. టెసరాక్ట్ వాళ్ల గిట్‌హబ్ పేజీలో ‘టెల్’ పేరుతో ఉన్న ఒక్క డేటా ఫైలు దించుకుని, హోమ్‌బ్రూ ‘షేర్’ ఫోల్డర్లోని ‘టెస్‌డేటా’లో పెట్టండి. నేను అలాగే వాడుతున్నాను.