పోచారం నీళ్లు అక్కడ, ‘లేక్ వ్యూ’ రూము ఇక్కడ

పోచారం చెరువు, దాని పక్కనున్న అభయారణ్యం చూద్దామని వెళ్లి మెదక్‌లో మేం దిగిన లాడ్జి పేరు రాయను గానీ, ఫోన్లో చూసిన ఫొటోల్లో దాని కిటికీ అవతల నీళ్లు తళతళలాడుతుంటాయి. ‘లేక్ వ్యూ డీలక్స్’ అట. రూముకి 3,200 చొప్పున రెండు రూములు, 6,400. బోటింగ్ పేరు చెప్పి మనిషికి 200 లెక్కన ఐదుగురికి ఇంకో వెయ్యి ముందే కట్టించుకున్నారు. శుక్రవారం రాత్రి చేరి కిటికీ తెరిస్తే ఎదురుగా పక్కింటి సింటెక్స్ ట్యాంకు. కిందికెళ్లి అడిగాను. కౌంటర్లో కుర్రాడు ఏమాత్రం తడుముకోకుండా “పోచారం దగ్గర్నే మేడం, పదిహేను కిలోమీటర్లు, అందుకే ఆ పేరు” అన్నాడు.

తెల్లారి గీజర్ పనిచేయలేదు. వేడినీళ్లు కావాలంటే బకెట్టుకి 50. జనవరి చలిలో అత్తయ్య పంతం పట్టి చన్నీళ్లే పోసుకున్నారు, ఆ కోపమంతా మా ఆయన మీద తీర్చుకున్నారు. రూములు బుక్ చేసింది ఆయనే మరి. మిగతా నాలుగు బకెట్లకి 200 బిల్లులో వేశారు, పైగా ‘సర్వీస్’ అని ఇంకో 150. నన్నడిగితే హైదరాబాద్ వాళ్లకి అసలు మెదక్‌లో రాత్రి ఉండాల్సిన పనే లేదు. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి నర్సాపూర్ మీదుగా వస్తే వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఎండెక్కేలోపు పోచారంలో ఉండొచ్చు.

మేం వెళ్లేసరికి కట్ట మీద పొగమంచు పూర్తిగా విడలేదు. మామయ్య ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఎక్కడ కట్ట కనిపించినా ఆయనకి హుషారు వస్తుంది. గేట్లేవి తాతయ్యా అని మావాడు అడిగాడు. “గేట్లు లేవురా. నిండితే అలుగు మీంచి దూకి పోతుంది. గేటెత్తే మనిషి అక్కర్లేదు, ఎత్తడం మర్చిపోయే మనిషీ ఉండడు” అన్నారు. మంజీరలో కలిసే ఆలేరు వాగు మీద నిజాం కాలంలో, 1922కల్లా పూర్తిచేసిన రాతి కట్టడం ఇది. లింగంపేట పెద్దవాగు, గుండారం వాగు నీళ్లన్నీ ఇందులోకే చేరతాయి. దీని కింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో పదివేల ఎకరాల పైచిలుకు సాగవుతుంది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల్ని ముంచిన వాన గుర్తుందిగా? ఆ వరదకి ఓ పక్క మట్టి కోసుకుపోయి కింది ఊళ్లవాళ్లు టెన్షన్‌తో గడిపారు. నూరేళ్లు దాటిన కట్ట మాత్రం నిలబడింది. అది చెబుతున్నంతసేపూ మామయ్య తనే కట్టినంత గర్వంగా ఉన్నారు.

పూడిక సంగతికి వచ్చేసరికి ఆయన మొహం మారింది. మొదట్లో 2.4 టీఎంసీలు పట్టేదట, ఇప్పుడు 1.82. రైతులకి అది నష్టమే, కాదనను. కానీ ఆ పూడిక వల్లే అంచుల్లో మోకాలి లోతు నీళ్లున్నాయి, కొంగలకి అదే కావాలి. ముక్కు మధ్యలో సందుండే కొంగలు బురదలో నత్తలు ఏరుకుంటున్నాయి. ఎనిమిదవుతుండగా పొలాల వైపు నుంచి ఓ గుంపు అరుచుకుంటూ వచ్చి నీళ్లమీద దిగింది. తల వెనక రెండు నల్లచారలు. బార్ హెడెడ్ గూస్ అనే బాతులు. టిబెట్, మంగోలియా వైపు గుడ్లు పెట్టి, చలికాలానికి హిమాలయాలు దాటి మన చెరువుల మీదికొస్తాయి. రాత్రుళ్లు పచ్చటి పైర్లు మేసి పగలు నీళ్లమీద కునుకు తీస్తాయి. అంత దూరం నుంచి వచ్చిన అతిథుల్ని చూడ్డానికి ఆ పొద్దున కట్టమీద మేం తప్ప ఒక్కరు లేరు. అక్కడ చేపలు పట్టే ఒకాయన మమ్మల్ని చూసి జాలిపడ్డాడు కూడా. “గిప్పుడేం జూస్తరు, అలుగు వారినప్పుడు రావాలె” అన్నాడు.

బోటా? మేం వెళ్లిన రోజు ఆ చేపలు పట్టే ఆయన తెప్ప తప్ప ఇంకేమీ లేదు. లాడ్జికి ఫోన్ చేస్తే “సీజన్ కాదు కదా మేడం” అన్నారు. శుక్రవారం డబ్బు తీసుకునేటప్పుడు సీజనేనా? అరిచి, రివ్యూ రాస్తానని బెదిరిస్తే వెయ్యిలో 600 ఫోన్‌పే చేశారు. మావాడు మూతి ముడుచుకునే అభయారణ్యంలోకి వచ్చాడు. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి, 1952లో అభయారణ్యమైంది. జింకల పెంపక కేంద్రంలో దుప్పులు దగ్గర్నుంచే కనిపించాయి. చిరుత, ఎలుగుబంటి ఉన్నాయని రాసుంటుంది గానీ పగటిపూట కారులోంచి కనిపిస్తాయని ఆశపెట్టుకోకండి.

మధ్యాహ్నం రోడ్డు పక్క రేకుల షెడ్డులో తిన్న తిండి గురించి చెప్పాలి. చేపల పులుసు, అన్నం 130. రవ్వ చేప వేపుడు ప్లేటు 100. ముల్లు తీసి పిల్లాడికి పెట్టేలోపే నా ప్లేటు ఖాళీ అయ్యేది, అంత బాగుంది. శనివారం కాబట్టి అత్తయ్య నీచు ముట్టరు, బిస్కెట్లు చాల్లే అంటూ కారులోనే కూర్చున్నారు. షెడ్డు నడిపే ఆమె అది చూసి, అప్పటికప్పుడు వేరే గిన్నెలో నువ్వుల పొడి వేసి పచ్చిపులుసు కలిపి, రెండు జొన్నరొట్టెలు కాల్చి తీసుకెళ్లి ఇచ్చింది. అత్తయ్యది ఏలూరు వైపు. ఆవిడ పచ్చిపులుసు తినడం అదే మొదలు. రెండోసారి అడిగి పోయించుకున్నారు. మా నలుగురి భోజనానికి, రెండు ప్లేట్ల వేపుడికి కలిపి 720 తీసుకుంది. రొట్టెలకి ఎంత అంటే “పెద్దమ్మకు ఇంత పచ్చిపులుసు పోసి పైసల్ దీస్కుంటనా?” అంది. పొద్దున్నుంచి మా ఆయనతో మాట్లాడని అత్తయ్య, అక్కడినుంచి మెదక్ చర్చి దాకా ఆ పులుసు ఎలా చేయాలో ఆయనకే చెబుతూ వచ్చారు.

చర్చి బాగుంది, అరగంట చాలు.

పక్షుల కోసమైతే డిసెంబరు నుంచి ఫిబ్రవరిలోపు, తెల్లారే వెళ్లండి, బైనాక్యులర్స్ మీవే పట్టుకెళ్లండి. అలుగు చూడాలంటే ఆగస్టు, సెప్టెంబరు. జనం విపరీతంగా ఉంటారు, రాళ్లమీద నాచు ఉంటుంది, సెల్ఫీ కోసం అలుగు మీదికి మాత్రం దిగొద్దు. బోటింగ్‌కి ముందే డబ్బు ఎవరు అడిగినా ఇవ్వకండి.