పాత కొరోల్లాకు సర్పెంటైన్ బెల్టు, టెన్షనర్ మార్చి కొన్నేళ్ళు వాడాక

మాది 2006 టయోటా కొరోల్లా, 1.8 లీటర్ల 1జెడ్‌జెడ్-ఎఫ్‌ఈ ఇంజన్. డాలస్‌లో ఉంటాం. ఓడోమీటర్ రెండు లక్షల మైళ్ళకు దగ్గర పడింది. ఈ కారుకు 2021 వేసవిలో గేట్స్ కంపెనీ మైక్రో-వి సర్పెంటైన్ బెల్టు, దాంతోపాటు ఆ బెల్టును బిగువుగా పట్టి ఉంచే కొత్త టెన్షనర్ వేశాను. అప్పటి నుంచి అవే నడుస్తున్నాయి, రెండింటితోనూ నేను తృప్తిగా ఉన్నాను. కానీ ఈ సమీక్షలో బెల్టు కంటే టెన్షనర్ గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా కారులో జబ్బు అక్కడే ఉంది. సీనియర్ల దగ్గర పాత కొరోల్లా కొనుక్కునే మన స్టూడెంట్లు షాపు వాళ్ళిచ్చే ఎస్టిమేట్ మీద సంతకం పెట్టే ముందు ఇది చదివితే బాగుంటుంది.

ఊళ్ళో మనం ఫ్యాన్ బెల్టు అనేది ఈ సర్పెంటైన్ బెల్టునే. అయితే ఈ కారులో రేడియేటర్ ఫ్యాన్‌కు విడిగా కరెంటు మోటారు ఉంది. బెల్టు తిప్పేది ఆల్టర్నేటర్‌ని, వాటర్ పంపుని, పవర్ స్టీరింగ్ పంపుని, ఏసీ కంప్రెసర్‌ని. నాలుగింటికీ ఒకటే బెల్టు. వాల్వుల టైమింగ్ చూసేది లోపలున్న చైన్ కాబట్టి, ఈ బెల్టు తెగినంత మాత్రాన వాల్వులు వంగవు. అంతవరకు నయమే. కానీ వాటర్ పంపు ఆగిపోతుంది, స్టీరింగ్ బిగుసుకుపోతుంది, బ్యాటరీ లైటు వెలుగుతుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి పర్వాలేదనిపిస్తుంది. ఇంజన్‌లో నీళ్ళు తిరగకుండా ఫ్యాన్ ఒక్కటే తిరిగి లాభం లేదు. జూలై ఎండలో టెంపరేచర్ ముల్లు నిమిషాల్లో పైకి పోతుంది. తర్వాతి ఎగ్జిట్ దాకా లాగుదామనుకుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగం కింద ఉండే సీలు) పోవచ్చు. పక్కకు తీసి ఆపేయడమే.

మా కారు 2021 ఫిబ్రవరి మంచు తుఫాను రోజుల్లో మొదటిసారి కీచుమంది. చలికి రబ్బరు గట్టిపడితే పొద్దున్నే ఒక నిమిషం అరవడం మామూలే కాబట్టి అది పెద్ద గుర్తు కాదు. చలి పోయాక కూడా అరుపు ఆగలేదు, అదీ గుర్తు. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినా, ఏసీ వేసినా పెద్దగా కూసేది. రాత్రి సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్ల వెలుగు కొంచెం తగ్గి మళ్ళీ పెరిగేది.

దగ్గర్లో ఉన్న ఒక షాపులో చూపిస్తే, మెకానిక్ టార్చి వేసి చూసి "బెల్టు బాగానే ఉంది, ఒక్క పగులు కూడా లేదు" అని చెప్పి, బెల్టు మీద ఏదో స్ప్రే కొట్టి పంపించాడు. వారం పాటు నిశ్శబ్దం, తర్వాత ముందుకంటే పెద్ద అరుపు. బెల్ట్ డ్రెస్సింగ్ అనే ఆ స్ప్రే ఎవరు కొడతానన్నా వద్దనండి. అది జిగురు. దాని మీద దుమ్ము అంటుకుని బెల్టు గాళ్ళను, పుల్లీ గాళ్ళను రెండింటినీ పాడు చేస్తుంది, అసలు కారణాన్ని కప్పేస్తుంది. రెండోసారి వెళ్తే బెల్టు మార్చారు. వేసవి నడి మధ్యకు వచ్చేసరికి అరుపు మళ్ళీ వచ్చింది. ఇక అక్కడి నుంచి నేనే మొదలుపెట్టాను.

పగుళ్ళు లేవు కాబట్టి బెల్టు మంచిదే అనడం పాత రోజుల లెక్క. అప్పటి నియోప్రీన్ బెల్టులు వయసైతే పగిలేవి, ఒక అంగుళంలో మూడు పగుళ్ళు కనబడితే మార్చమనేవారు. ఇప్పుడు వస్తున్నవి ఈపీడీఎం అనే వేరే రకం రబ్బరువి. ఇవి లక్ష కిలోమీటర్లు దాటినా పగలకపోవచ్చు, టైరులాగా అరిగిపోతాయి. అరిగేకొద్దీ గాళ్ళు వెడల్పవుతాయి, లోతవుతాయి. అప్పుడు బెల్టు పుల్లీలోకి దిగబడి, పక్క గోడలను పట్టుకోవాల్సింది అడుగుకు ఆనుకుంటుంది. పట్టు పోతుంది, ముఖ్యంగా వానలో, ఎందుకంటే నీళ్ళు బయటికి పోయే సందు ఉండదు. రిబ్బుల్లో (గాళ్ళ మధ్య ఉండే గట్లలో) ఐదు శాతం రబ్బరు పోయినా జారడం మొదలవుతుందని తయారీదారులు చెబుతారు. అది కంటికి తెలిసే తేడా కాదు. దీనికోసం చిన్న ప్లాస్టిక్ గేజ్ ఉంటుంది. దాని పుల్లను బెల్టు గాడిలో పెడితే రిబ్బుల కంటే పైకి కనబడాలి. రిబ్బులతో సమానంగా కూర్చుంటే బెల్టు పని అయిపోయినట్టే. షాపు వాళ్ళు తీసేసిన పాత బెల్టు, అంటే మొదటిది, పగులు లేకుండా నున్నగా ఉంది, గేజ్ మాత్రం పూర్తిగా దిగిపోయింది. షాపు వాళ్ళు వేసిన కొత్తదానికి గేజ్ బాగానే ఉంది. అంటే ఆ బెల్టు అరవడానికి కారణం అరుగుదల కాదు.

ఇక్కడ ఒక సీసా నీళ్ళు పనికొచ్చాయి. ఇంజన్ ఐడ్లింగ్‌లో (కారు ఆగి ఇంజన్ మాత్రం నడుస్తూ) ఉండగా, బట్టలూ చేతులూ దూరంగా ఉంచి, బెల్టు గాళ్ళున్న వైపు కొంచెం నీళ్ళు స్ప్రే చేయాలి. అరుపు కాసేపు ఆగి మళ్ళీ వస్తే పుల్లీల్లో ఏదో ఒకటి వరసలో లేదని అర్థం. పక్షి కూతలా కిచకిచమనే శబ్దం ఎక్కువగా దీని వల్లే వస్తుంది. నీళ్ళు పడగానే అరుపు ఇంకా పెరిగితే బెల్టు జారుతున్నట్టు, అంటే టెన్షన్ చాలట్లేదు. మా కారు నీళ్ళు పడగానే గోల పెట్టింది.

ఈ ఇంజన్‌లో టెన్షనర్ స్ప్రింగు తరహాదే, దానికి షాక్ అబ్జార్బర్ లాంటి ఆయిల్ డ్యాంపర్ ఉంటుంది. అది లీకైతే బెల్టును నిలకడగా పట్టుకోలేదు. ఐడ్లింగ్‌లో టెన్షనర్ వైపు టార్చి వేసి చూడండి. బాగున్నది దాదాపు కదలకుండా ఉంటుంది, మాది గడగడ వణుకుతూ కనిపించింది. డ్యాంపర్ కింద ఆయిల్ తడి, దానికి పట్టిన మట్టి కూడా ఉన్నాయి. బెల్టు తీసేశాక పుల్లీలన్నీ ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి చూశాను. గరగరమన్నా, పక్కకు ఊగినా బేరింగ్ పోయినట్టు. టెన్షనర్ పుల్లీ గరగరమంది, మిగిలినవి బాగున్నాయి. మల్టీమీటర్ పెడితే లైట్లు, బ్లోయర్, ఏసీ అన్నీ వేసినప్పుడు ఐడ్లింగ్‌లో వోల్టేజి 13 కంటే కిందికి పడుతోంది. ఆల్టర్నేటర్ పోయిందేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఆటోజోన్ లాంటి స్పేర్స్ షాపుల్లో ఆల్టర్నేటర్, బ్యాటరీ ఉచితంగా టెస్ట్ చేస్తారు, ముందు అది చేయించండి. మాది బాగానే ఉందన్నారు. బెల్టు జారుతుంటే మంచి ఆల్టర్నేటర్ కూడా కరెంటు ఇవ్వలేదు. ఈ ఒక్క ముక్క తెలియక ఆల్టర్నేటర్లు మార్చుకున్న వాళ్ళు నాకు తెలుసు.

బెల్టు వరకు అయితే పని తేలిక. ఇంజన్ చల్లారాలి, బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి, బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా వెళ్తోందో ఫోటో తీసుకోవాలి. టెన్షనర్ మీది ఆరు పలకల 19 నంబర్ హెక్స్‌కు పొడుగు స్పానర్ పెట్టి క్లాక్‌వైజ్‌గా నెమ్మదిగా తిప్పితే బెల్టు వదులవుతుంది. ఇంజన్‌కూ బాడీకీ మధ్య సందు ఇరుకు, మామూలు రాచెట్ పట్టదు. సన్నగా పొడుగ్గా ఉండే సర్పెంటైన్ బెల్ట్ టూల్‌ను ఆటోజోన్, ఓరైలీ షాపుల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు, తిరిగిస్తే డబ్బు మొత్తం వెనక్కిస్తారు. కుడివైపు ముందు చక్రం తీస్తే కింది పుల్లీలు బాగా కనిపిస్తాయి. కొత్త బెల్టు ఎక్కించాక ప్రతి పుల్లీ దగ్గరా వేలు పెట్టి తడిమి, రిబ్బులు గాళ్ళలోనే కూర్చున్నాయో, ఒక గాడి పక్కకు జరిగాయో చూసుకోవాలి. ఒక గాడి తప్పితే స్టార్ట్ చేసిన కాసేపటికే బెల్టు అంచు చీలిపోతుంది.

టెన్షనర్ మార్చడం మాత్రం తేలిక కాదు. దాని పొడుగు బోల్టు బాడీకి తగిలి బయటికి రాదు. ఆయిల్ ప్యాన్ కింద చెక్క పెట్టి, జాక్‌తో ఇంజన్ బరువు ఆపి, ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే కుడివైపు మౌంట్ విప్పి కొంచెం పైకి లేపాలి. అలవాటున్న స్నేహితుడు పక్కనుండి చేయించాడు. ఈ పని ఎప్పుడూ చేయని వాళ్ళు ఒంటరిగా దిగొద్దు, షాపులోనే చేయించుకోండి. షాపు వాళ్ళు బెల్టు మార్చి టెన్షనర్ ఎందుకు వదిలేస్తారో కూడా ఆ ఇరుకు చూస్తే అర్థమవుతుంది. నాకైతే టెన్షనర్‌కు బెల్టు కంటే నాలుగైదు రెట్లు ఖర్చయింది. ఆ డబ్బు పెట్టడంలో నాకు ఏ సందేహమూ లేదు.

వేసిన రోజు నుంచి ఇప్పటి దాకా చూస్తే, అరుపు ఒక్కసారి కూడా రాలేదు. వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే మధ్యాహ్నాల్లో ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగినా వోల్టేజి 13.8 నుంచి 14.2 మధ్యే ఉంటోంది. కుండపోత వానలో నీళ్ళు నిలిచిన రోడ్ల మీద కూడా స్టీరింగ్ ఎప్పుడూ బిగుసుకోలేదు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ గేజ్ పెట్టి చూస్తాను, పుల్ల ఇంకా రిబ్బుల పైనే ఉంది. అంచుల్లో దారాలు లేవలేదు. బెల్టు వీపు మాత్రం కొంచెం మెరుపెక్కింది. కొత్తలో మొదటి కొద్ది రోజులు రబ్బరు వాసన వచ్చింది, తర్వాత పోయింది. నాకు నచ్చని విషయం ఒకటుంది. బెల్టు మీది నంబరు వేడికీ మట్టికీ చెరిగిపోతోంది. బెల్టు మీద 6పీకే1750 అని ఉంటే 6 రిబ్బులు, 1750 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. మీ బెల్టు నంబరు కొన్న రోజే ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

ఈ ఇంజన్ ఉన్నవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. టైమింగ్ చైన్ టెన్షనర్ దగ్గరుండే ఓ-రింగ్ వయసైతే ఆయిల్ కారుస్తుంది, అదీ బెల్టు ఉన్న వైపే. వాటర్ పంపు కూడా అటువైపే. ఆయిల్ తగిలితే ఈపీడీఎం బెల్టు ఉబ్బుతుంది, ఆయిల్ గానీ కూలెంట్ గానీ తగిలితే జారుతుంది. మా కారులో ఆ ఓ-రింగ్ బెల్టు టెన్షనర్‌తో పాటే మార్చేశాం, చవకైన రబ్బరు ముక్క. వాటర్ పంపు ఇంకా పాతదే. దాని కింద గులాబీ రంగు మరకలు కనబడటం మొదలైంది, కాబట్టి ఈ ఏడాది పంపు మార్చేటప్పుడు బెల్టు బాగున్నా సరే, కొత్తది వేస్తాను.