పంచ్ బొమ్మా? వానిటీ ఫెయిర్ బొమ్మా?

పరాయి దేశాల పాలకుల మీద లండన్ పత్రికలు వేసిన వ్యంగ్య బొమ్మల్లో నా ఓటు పంచ్ అనే హాస్య పత్రికకే. చెక్క దిమ్మ మీద చెక్కి అచ్చేసిన నలుపు తెలుపు బొమ్మలే, కానీ కథంతా అందులోనే ఉంటుంది. 1890 మార్చిలో జాన్ టెన్నియల్ గీసింది చూడండి: అప్పుడే పదవి పోయిన జర్మనీ ఛాన్సలర్, ముసలి బిస్మార్క్ ఓడ పైలట్ (ఓడకు దారి చూపేవాడు) దుస్తుల్లో, ఒక చెయ్యి ఓడ గోడకు ఆనించి, బరువుగా మెట్లు దిగుతుంటాడు. ఆయన్ని తొలగించిన కుర్ర కైజర్ (జర్మనీ చక్రవర్తి) రెండో విల్‌హెల్మ్ కిరీటం పెట్టుకుని పైనుంచి తీరిగ్గా చూస్తుంటాడు. తొలగింపు అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు!

ఆనాటి మరో లండన్ పత్రిక వానిటీ ఫెయిర్‌ది రంగుల లితోగ్రాఫ్, అంటే రాతి పలక మీద గీసి అచ్చేసిన బొమ్మ. సంఘటన ఉండదు, మనిషి ఒక్కడే ఉంటాడు. 1869లో ఫ్రెంచి చిత్రకారుడు టిస్సో గీసిన ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ బొమ్మ అలాంటిదే. ముఖకవళికలు చదవాలనుకుంటే ఇదే మేలు. ఏడాది తిరిగేసరికి ఆ చక్రవర్తి ఫ్రాన్స్‌లోని సెడాన్ యుద్ధంలో ప్రష్యా (జర్మన్ రాజ్యం) సేనలకు పట్టుబడ్డాడు.